నాలుగో తూటా

డిసెంబరులో ఉత్తరపు మంచు ప్రాంతంలోని ఆ ఊళ్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. అందుకని ఐలి మధ్యాహ్నం రెండింటికే ఆర్విడ్ కొట్టు తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది, బూట్లకంటిన మంచు కూడా దులుపుకోకుండా.

ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపిన మనిషి ఆమె. అరవై ఎనిమిదేళ్లొచ్చినా గొంతులో ఆ అదిలింపు పోలేదు. చిన్నప్పుడు ఆర్విడ్ ఆ బస్సులోనే వాంతి చేసుకుని ఆమె చేత చీవాట్లు తిన్నాడు. ఇప్పుడు వాడు తుపాకుల కొట్టు యజమాని, బట్టతల కూడా వచ్చింది. అయినా ఆమెను చూస్తే లేచి నిలబడతాడు.

"జింకల సీజను అయిపోయింది కదండీ, ఐలి గారూ?"

"జింక కోసం కాదురా. ఇంట్లోకి ఎవడో వస్తున్నాడు."

మూడు వారాలుగా అదే వరస. చీకటి పడగానే పెరటి తలుపు గడియ కిర్రుమంటుంది. వసారాలో బరువైన అడుగులు వినిపిస్తాయి. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. నడవాలో నీటి మడుగులు, తడిసిన ఉన్ని వాసన, కిరోసిన్ వాసన. పోలీసు వచ్చి ఇంటి చుట్టూ తిరిగి, మంచులో ఒక్క అడుగుజాడా లేదని చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు. మేనల్లుడేమో ఫోను చేసి, ఇద్దరూ పట్నంలో వృద్ధాశ్రమానికి వెళ్లిపోండి అన్నాడు. అక్క హిల్మా తుంటి విరిగి మంచం మీద ఉంది. ఆశ్రమంలో ఇద్దరినీ ఒక గదిలో ఉంచరట. ఆ మాట విన్నప్పటి నుంచీ ఐలికి ఒళ్లు మండిపోతోంది. దొంగకి జడిసి అక్కని వదులుకోవాలా?

ఆర్విడ్ గులాబీ రంగు పిడి ఉన్న చిన్న పిస్తోలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆడవాళ్ల చేతిలో బాగా ఒదుగుతుందండీ."

"నీ మొహంలా ఉంది. వణికే చేతికి ఆ బొమ్మ దేనికిరా? అదిగో, ఆ పొడుగుది తియ్యి."

"దాని తూటా రెండు గోడలు దాటి పోతుందండీ. అక్కగారు పడుకునేది ఎక్కడ?"

"నడవా చివరి గదిలో. పాత గని కూలీల ఇల్లు కదా, గోడలు అట్టముక్కలే."

ఆర్విడ్ నవ్వు ఆపేశాడు. "అయితే ఎదురుగా ఎవడున్నాడో చూస్తే చాలదండీ. వాడి వెనకాల ఎవరున్నారో కూడా చూడాలి."

ఆ మాట ఐలికి నచ్చింది. చివరికి పొట్టి గొట్టం ఉన్న పంపు తుపాకీ, సన్న గుళ్ల తూటాలు ఎంచుకుంది. ఇవీ గోడ దాటవని హామీ ఇవ్వలేను, అక్కగారి వైపు మాత్రం తిప్పకండి అన్నాడు వాడు. తర్వాత గొట్టం కింద ఉన్న పంపు పిడిని ఒకసారి వెనక్కి లాగి ముందుకు తోశాడు. ఛక్... ఛక్.

"చాలామటుకు పేల్చే పనే ఉండదండీ. ఈ చప్పుడు వింటే ఎంతటివాడైనా కాళ్లకి బుద్ధి చెబుతాడు."

"వాడికి చెవుడుంటే?"

"మీరొకసారి అరవండి. చెవిటివాడికైనా వినిపిస్తుంది."

ఐలి ఫారాలు నింపి, డబ్బు కట్టి, చీకటి పడకముందే ఇల్లు చేరింది.

మంచు ఎక్కువై కరెంటు పోయింది. అక్కకి రొట్టె తినిపించి, దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసింది. ఆ తలుపు వైపు వీపు పెట్టి, వంటింటి వైపు తిరిగి నడవాలో నిలబడింది. వచ్చేవాడు ఎదురుగా వస్తాడు. అక్క తన వెనకే ఉంటుంది. అన్నీ ఆలోచించుకునే నాలుగు తూటాలు నింపింది.

పొయ్యిలో కట్టె చిటపటలాడి ఆగింది. చూరు నుంచి మంచు జారిన చప్పుడు. మళ్లీ నిశ్శబ్దం.

గడియ కిర్రుమంది.

అడుగులు... వసారా దాటాయి... వంటిల్లు దాటాయి. తడి ఉన్ని వాసన ముక్కుకి కొట్టింది. కళ్లు చించుకుని చూసినా నడవాలో ఎవరూ లేరు. ఆమె భుజానికి చల్లగా ఏదో రాసుకున్నట్టయింది. ఆ తర్వాత అడుగులు వినిపించలేదు.

"ఎవడ్రా నా ఇంట్లో?" అని గద్దించి, పంపు లాగింది.

ఛక్... ఛక్.

తర్వాత...

ఛక్... ఛక్.

ఎదురుగా కాదు. వీపు వెనకనుంచి. అక్క గదిలోంచి.

ఐలి గిరుక్కున తిరిగింది. తుపాకీ గొట్టం సరిగ్గా తలుపు మధ్యకి గురిపెట్టి ఉంది. తలుపుకి అవతల వాడున్నాడు. వాడికి అవతల అక్క ఉంది.

"అక్కా..."

"అరవకే." హిల్మా గొంతు మెల్లగా వచ్చింది. "నా మంచానికి అడ్డంగా నిలబడ్డాడు. రోజూ ఇలాగే నిలబడతాడు."

"ఎవడు వాడు?"

"తెలీదు. నిన్ను చూసి భయపడుతున్నాడు, ఐలీ. దాన్ని దించు."

"భయపడనీ! ఇల్లు నాది. అక్క నాది. నేను కదలను."

లోపల ఎవరో ముక్కుతో గట్టిగా గాలి పీల్చారు. కిరోసిన్ వాసన తలుపు సందులోంచి వచ్చింది. ఐలి వేలు మీట మీదే ఉంది. ఆ వేలు అక్క ప్రాణం మీద ఉన్నట్టే. వేలు తీసేసి, గొట్టం పైకప్పుకేసి ఎత్తి, పేల్చకుండానే తూటా బయటపడేలా పళ్లు కొరుకుతూ పంపు లాగింది. తూటా ఒకటి నేలమీద పడింది. ఛక్... ఛక్... టప్.

లోపల కూడా. ఛక్... ఛక్... టప్.

రెండోది పడింది. లోపల రెండోది పడింది.

మూడోది. మూడోది.

గొట్టంలో ఇంకొకటి మిగిలింది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఐలి బస్సులో గోల చేసే నలభై మంది పిల్లల ముందు కూడా తలవంచలేదు. నాలుగోది మాత్రం వాడి కోసం వదులుకోదు. తుపాకీ అలాగే పట్టుకుని, గొట్టం పైకే ఉంచి, కాలితో తలుపు తోసింది.

గదిలో అక్క తప్ప ఎవరూ లేరు. ఐలి గోడకి వీపు చేర్చి మంచం పక్కనే కూర్చుంది. "మేం ఎక్కడికీ పోం. విన్నావా?" అని చీకటితో అంది.

పొద్దున్నే కరెంటు వచ్చింది. హిల్మా గాఢనిద్రలో ఉంది. నడవాలో ఐలివి మూడు తూటాలు దొర్లి ఉన్నాయి. మంచం కింద, నీటి మడుగులో, మరికొన్ని కనిపించాయి. ఐలి మోకాళ్ల మీద వంగి బయటికి తీసింది. పాతకాలపు కాగితం తొడుగుల తూటాలు. అడుగున ఉన్న ఇత్తడికి పచ్చటి చిలుం పట్టింది. చేతికి వెచ్చగా తగిలాయి.

లెక్కపెట్టింది. మూడే ఉన్నాయి. నాలుగోది వాడూ వదల్లేదు.