గోడ అవతలి తేమ

"పెద్దదే కావల్ల," అంది జోతి.

కోవిల్పట్టి బజారులో పాత మిల్లు సామాన్లు అమ్మే అంగడి అది. జోతి ఎదురుగా రెండు మిషన్లు ఉన్నాయి. రెండూ గదిలో గాలిని తేమగా ఉంచేవే. ఒకటి బిందెంత ఉంది, తెల్లటి ప్లాస్టిక్‌ది. నీళ్ళు పోసి స్విచ్ వేస్తే దాని మూతిలోంచి సన్నగా ఆవిరి వస్తుంది. పక్కనున్న బిళ్ల తిప్పి తేమను పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

రెండోది డ్రమ్మంత ఉంది. లోపల ఒక చక్రం గిర్రున తిరిగి నీటిని మంచులా చిమ్ముతుంది. దానికి తిప్పే బిళ్ల లేదు. వేస్తే పూర్తిగా పనిచేస్తుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది.

"మనది ఇల్లు పాపా, మిల్లు కాదు. చిన్నది సాలదా?" అన్నాడు నాయిన రంగసామి.

"సాలదు నాయినా. ఆడిగాలికి ఇది యాడ ఆగతాది? పోగులు తెగితే అతికేదానికి అవ్వ వస్తాదా?"

అంగడాయన అరవంలో, పెద్దది ఇంట్లోకి ఎక్కువవుతుందని అన్నాడు. వాడిన సామాను మళ్ళీ వాపసు తీసుకోనని కూడా చెప్పాడు. జోతి ఆయన వైపు చూడలేదు. పెద్ద మిషను మీద చెయ్యి వేసి నిలబడింది.

ఆ సాయంత్రం అది బస్సు పైకెక్కి విరుదునగర్ చేరింది. అక్కణ్ణించి ఎద్దుబండి మీద వాళ్ళ నేత వీధికి వచ్చింది.

జోతి వాళ్ళింట్లో ముందు గదే మగ్గం గది. గాలి పొడిగా ఉంటే నూలు పెళుసవుతుంది. నేస్తుండగానే పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకే ఆ గదిని ఎప్పుడూ తడిగా ఉంచాలి. ఆ పని అవ్వది. నేల మీద నీళ్ళు చల్లేది. కిటికీకి తడి గోనెలు కట్టేది. అరచెయ్యి నేలకు ఆనించి చూసి, ఇక చాలు అనేది.

పడుగు అతకడం కూడా అవ్వ పనే. ఒక పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగు పోగులన్నింటినీ పాత పోగులతో ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. అవ్వ వేళ్ళకు బూడిద అద్దుకుని, పొద్దున కూర్చుంటే సాయంత్రానికి లేచేది.

ఇప్పుడు మగ్గం మీదున్న పడుగు ఆమె అతికిన చివరిది. కిందటి నెల, ఆని మాసంలో అవ్వ పోయింది. ఆడి మాసంలో పడమటి గాలి మొదలైంది. రోజూ పోగులు తెగుతున్నాయి. అవ్వ చేత్తో కలిపిన పోగుల్లో ఇక ఒక్కటి కూడా తెగకూడదని జోతి మనసులో గట్టిగా అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

మిషను వేయగానే గది నిండా తెల్లటి మంచు కమ్ముకుంది. మగ్గం గుంటలో కూర్చున్న నాయిన జుట్టు మీద సన్నని నీటి చుక్కలు నిలిచాయి.

"నేను నెయ్యల్లనా, తానం చెయ్యల్లనా?" అన్నాడు నాయిన. గోడవారన కూర్చుని కండెలు చుడుతున్న అమ్మ నవ్వింది. అవ్వ పోయాక అమ్మ నవ్వడం జోతి చూడటం అదే మొదలు.

పోగులు తెగడం ఆగిపోయింది. పేక దారం మోసే నాడె అటూ ఇటూ ఆడుతూనే ఉంది.

"కొంచేపు ఆపు పాపా. గోడలు కూడా చెమ్మగిల్లతా ఉండాయి," అన్నాడు నాయిన మర్నాడు.

"ఆపితే తెగతాయి నాయినా," అంటూ జోతి ఇంకో బిందె నీళ్ళు పోసింది. బడికి పోయేముందు పోసేది. బడినుంచి రాగానే, సంచి దించకుండానే మళ్ళీ పోసేది.

ఆ వారం గడవకముందే ఒకరోజు బళ్ళో సత్యప్రియ ఆమె పక్కన కూర్చోలేదు. సత్యప్రియది పక్కిల్లే. ఒకే పెంకుల కప్పు కింద మధ్యలో గోడ పెట్టి చేసిన రెండిళ్ళు అవి. ఆ గోడ కప్పు దాకా పోదు. పైన చెయ్యెడు సందు ఉంటుంది. ఆ సందులోంచే ఇద్దరూ లెక్కల జవాబులు అడుక్కునేవాళ్ళు.

"ఏమే, మాట్లాడవా?" అంది జోతి.

"మీ మిషన్‌తో మాట్లాడుకో, పో," అంది సత్యప్రియ.

బడి వదలగానే జోతి నేరుగా వాళ్ళింటికి పోయింది. సత్యప్రియ వాళ్ళమ్మ సెల్లత్తాయి కోవిల్పట్టి కంపెనీకి అగ్గిపెట్టెలు అతికిస్తుంది. పలచటి అట్ట మడిచి, నీలం కాగితం చుట్టి, మైదా జిగురు పూసి పెట్టెలు చేస్తుంది. అవి ఆరాలి. మామూలుగా వీధిలోనే పరుస్తుంది. ఆడిగాలికి ఆ తేలికపాటి పెట్టెలు ఎగిరిపోతాయి. అందుకని ఈ నెలంతా ఇంట్లోనే, గోడ పొడుగునా పరుస్తుంది.

ఆ గోడకు అవతలే, జోతి వాళ్ళింట్లో, మిషను ఉంది.

మూలనున్న గంపలో పెట్టెలు మెత్తబడి వంకర్లు తిరిగి ఉన్నాయి. నీలం కాగితం మీద బూడిదరంగు బూజు పట్టింది. జోతి ఒకటి చేతిలోకి తీసుకుంది. అతుకు ఊడిపోయి అది అట్టముక్కలా తెరుచుకుంది.

"ఏజెంటు తిరగ్గొట్టినాడు," అంది సత్యప్రియ. "ఇంకోతూరి ఇట్ల వస్తే మా అమ్మకి సరుకే ఇయ్యడంట."

సెల్లత్తాయి కూతురిని చూసింది. "ఉండే, ఊరికే ఉండు," అంది. జోతిని ఏమీ అనలేదు.

జోతి ఇంటికొచ్చి ఆలోచించింది. మిషను ఆపకూడదు. తేమ అటు పోకూడదు. మరి సందు మూసేస్తే? అటకమీదున్న గోనెసంచులన్నీ దించింది. నిచ్చెన ఎక్కి గోడ పొడుగునా వాటిని సందులో కుక్కింది. చేతులు గీరుకుపోయాయి. అయినా చివరిదాకా కుక్కింది. తృప్తిగా దిగి, మిషన్లో నీళ్ళు పోసింది.

తెల్లారేసరికి అవతలినుంచి సత్యప్రియ గొంతు వినిపించింది.

"ఏమే జోతీ. నిన్నటిదాకా మంచు పంపిస్తివి. ఈపొద్దు వాన పంపిస్తివే."

జోతి పక్కింటికి పరుగెత్తింది. సంచులు రాత్రంతా మంచు పీల్చుకుని బరువెక్కి, ఇటువైపు నీళ్ళు కారుస్తున్నాయి. చుక్కలు సరిగ్గా కొత్తగా అతికించిన పెట్టెల వరస మీద పడుతున్నాయి. సెల్లత్తాయి గబగబా పెట్టెలను గోడకు దూరంగా లాగుతోంది. జోతి కూడా వంగి లాగింది. కొన్ని దక్కాయి. చాలా తడిసిపోయాయి.

"అత్తా, ముందే నాకి చెప్పుంటే ఆపేదాన్ని కదా," అంది జోతి. ఆ మాట అంటుండగానే, నాయిన చెప్పినప్పుడు తాను ఆపలేదని గుర్తొచ్చింది. తల దించుకుంది.

"ఎట్ల చెప్పేది పాపా?" అంది సెల్లత్తాయి. "పెద్దామె పోయిన ఇల్లు. శానా దినాలకి మీ మగ్గం సద్దు మళ్ళీ వినపడతా ఉంది. దాన్ని ఆపమని నేనెట్ల అనేది?"

జోతి తలెత్తి, నీళ్ళు కారుతున్న సంచుల వైపు చూసింది. "అవ్వ ఉన్నప్పుడూ మా గది తడిగానే ఉండె కదా అత్తా? అప్పుడు బూజు రాలేదా?"

"రాలేదు. నేను ఇంట్లో పెట్టెలు పరిస్తే మీ అవ్వకి చెప్పేదాన్ని. అప్పుడే గోనెలు తీసి కిటికీ తెరిచేది. నా పెట్టెలు ఆరినాకే మళ్ళీ నీళ్ళు చల్లుకొనేది."

"పోగులు తెగవా అప్పుడు?"

"తెగేవే. తెగితే ముడేసుకొనేది. పోగు తెగితే ముడెయ్యొచ్చు, నీ పెట్టె బూజు పడితే ఏం చేస్తావు సెల్లత్తా అనేది."

మధ్యాహ్నాలు కిటికీ తెరిచి, అవ్వ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చోవడం జోతి ఎన్నోసార్లు చూసింది. అలసిపోయి కూర్చుందని అనుకునేది.

ఇంటికి వచ్చి నాయినను అడిగింది. "నాయినా, అవ్వ మధ్యాన్నం గోనెలు యాల తీసేదో నీకి తెలుసా?"

నాయిన నాడె చేతిలో పట్టుకుని ఆలోచించాడు. "మగ్గం ఆపి రోంత కాళ్ళు చాపుకోరా అనేది. నా కోసమే అనుకుంటి." "యాలంట?" అని అడిగాడు.

జోతి చెప్పింది. నాయిన చాలాసేపు గోడవైపు చూశాడు. "నాతో కూడా చెప్పలేదు చూడు," అన్నాడు మెల్లగా.

ఆ రోజు శనివారం, బడి లేదు. జోతి మళ్ళీ నిచ్చెన ఎక్కి తడి సంచులన్నీ పీకేసింది. సత్యప్రియ పక్కన కూర్చుని, తడిసిన పెట్టెల బదులు కొత్తవి అతికించడం మొదలుపెట్టింది. మొదటి పెట్టెలన్నీ పక్కకు వాలిపోయాయి.

"ఇందులో అగ్గిపుల్ల కూడా పండుకోదే," అంది సత్యప్రియ.

"సరిగ్గా చూపించు మరి."

సత్యప్రియ చూపించింది. మధ్యాహ్నానికి జోతి పెట్టెలు నిటారుగా నిలబడ్డాయి. సెల్లత్తాయి వాటిని గోడవారన పరచడం మొదలుపెట్టగానే జోతి లేచి తన ఇంటికి పోయింది.

మిషను హోరుమంటోంది. మగ్గం మీద చీర ఇంకా కొంత మిగిలే ఉంది. సాయంత్రానికల్లా నేతగాళ్ళ సొసైటీకి అందించాలి కాబట్టి ఈ రోజు నాయిన మగ్గం ఆపలేడు. ఆ సంగతి జోతికి తెలుసు. స్విచ్ మీద చెయ్యి పెట్టి నాయినను చూసింది.

"తెగతాయి పాపా," అన్నాడు నాయిన.

"తెలుసు నాయినా."

స్విచ్ ఆపేసింది. హోరు తగ్గి, తగ్గి, ఆగిపోయింది. జోతి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. పొడిగాలి గదిలోకి దూసుకొచ్చింది. గోడమీది చెమ్మ మెల్లగా ఆరసాగింది.

నాయిన మెత్తగా, జాగ్రత్తగా నేస్తున్నాడు. నాడె వెళ్ళింది, వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

పుటుక్కుమంది.

నాయిన ఆపాడు. తెగిన పోగు కొన గాలికి ఊగుతోంది. ఆయన దాని వైపు చెయ్యి చాచాడు.

"నేను కడతా నాయినా," అంది జోతి.

నాయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జోతి వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, మగ్గం మీదికి వంగింది. రెండు కొనలూ పట్టుకుంది. ఒకటి జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. అమ్మ కండెలు చుట్టడం ఆపి చూస్తోంది. ఎవరూ తొందరపెట్టలేదు.

మూడోసారికి ముడి పడింది. కొంచెం లావుగా ఉంది. లాగి చూసింది, నిలిచింది.

"ఊ, ఆడించు నాయినా," అని చెయ్యి తీసేసింది.

నాడె ఆ పోగు మీదుగా సాగిపోయింది.