టేకల్ ఆమె

ఆదివారం కావడంతో వీణకు బడి లేదు. రాగిదోసెలు పోస్తూ, పొయ్యి పక్కన పెట్టుకున్న ఫోనులో వాయిస్ మెసేజీలు వింటోంది. వసారాలో ఆమె మామ ఆంజినప్ప కన్నడ పేపరు విప్పుకుని కూర్చున్నాడు. పోస్టాఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి. భార్య పోయి ఆరేళ్లయింది. అడగకుండానే రెండో లోటా కాఫీ తెచ్చిపెట్టే కోడలు దొరకడం తన అదృష్టమని రోజూ అనుకునేవాడు. పైకి మాత్రం ఒక్కరోజూ అనలేదు.

వీణ ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఆమెకు ఉన్నది ఒకటే పిచ్చి. ఒక విదేశీ రచయిత రాసిన పద్నాలుగు లావుపాటి నవలలు. ఒక్కో నవల ఒక్కో లోకంలో జరుగుతుంది. ఒక లోకంలో మాయమైనవాడు ఇంకో లోకంలో వేరే పేరుతో ఏ మూలో కనిపిస్తాడు. ఎవరు ఎవరో రచయిత చెప్పడు, చదివేవాళ్లే పట్టుకోవాలి. కోలారు జిల్లాలో అలా పట్టుకునేవాళ్లు పదకొండు మంది కలిసి వాట్సాప్‌లో ఒక గుంపు పెట్టుకున్నారు. ఆ లోకాల అసలు పేర్లు నోరు తిరగనివి. అందుకని తమ పేర్లు పెట్టుకున్నారు. దుమ్ముదిబ్బల లోకం కేజీఎఫ్. బండల లోకం టేకల్. తోటల లోకం శ్రీనివాసపురం.

వీణ పుట్టిల్లు టేకల్. మెట్టినిల్లు శ్రీనివాసపురం. గుంపులో అదొక జోకు.

పక్కింటామె పెరటిగోడ మీదుగా కరివేపాకు అడిగింది. వీణ పొయ్యి తగ్గించి అటు వెళ్లింది. ఫోను తనంతట తానే తర్వాతి మెసేజీ అందుకుంది. తల తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చిన ఆమె భర్త మోహన్‌కుమార్‌కు ఒక మగగొంతు వినిపించింది.

"వీణా మేడమ్, నా మాట నమ్మండి. టేకల్‌లో ఉన్నామె, శ్రీనివాసపురంలో ఉన్నామె ఒకతే. పేరు మార్చుకోని వచ్చి ఇంగొక పెండ్లి చేసుకోని ఉండాది. మొదటి మొగుడు సావలేదు. ఈడనే, కేజీఎఫ్‌లో దాక్కోని ఉండాడు. కొత్త మొగునికి ఇంగా ఏమీ తెలీదు. తెలిసిన దినం ఆమెని చంపేస్తాడు."

మోహన్‌కుమార్ ఫోను మీద పంపినవాడి పేరు చూసి, దాన్ని రెండోసారి విన్నాడు. పెనం మీద దోసె మాడుతోంది. వీణ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"ఎవడే నందీశ్?"

"మా పుస్తకాల గుంపులో ఉండారు కదా, కేజీఎఫ్ ఆయన. ఏమిటికి?"

మొదటి దెబ్బకు ఆమె తల గోడకు తగిలింది. రెండో దెబ్బకు పెదవి చిట్లింది. పడిపోకుండా గట్టు పట్టుకోబోతే చేయి పెనం మీద పడింది. ఆమె అరవలేదు. చేయి వెనక్కి లాక్కుని, అర్థంకాని లెక్కను చూసినట్టు అతన్ని చూసింది.

"యాడున్నాడు నీ మొదటి మొగుడు?"

"ఏం మాట్లాడతా ఉండారు?"

అతను ఫోను ఆమె చెవి దగ్గర పెట్టి మెసేజీ వినిపించాడు. వీణకు అప్పుడు అర్థమైంది. ఆ స్థితిలోనూ ఆమెకు నవ్వు వచ్చింది. అదే తప్పయింది.

"అది పుస్తకంలో ఆమె గురించి. కథ."

"కథనా? పరదేశం వాడు రాసిన పుస్తకంలో టేకల్ ఉండాదా? వానికి మన శ్రీనివాసపురం తెలుసునా? నన్ను ఏమనుకున్న్యావే?"

దానికి జవాబు ఉంది. కానీ పైకి చెప్తే అబద్ధంలాగే వినిపిస్తుందని ఆమెకే తెలిసింది. చెప్పింది. అతను జుట్టు పట్టుకుని పడకగదిలోకి ఈడ్చాడు. కడుపులో తన్నాడు. పుస్తకాల అలమార మీదికి తోసి, ఆమె మీద పడిన పుస్తకాల్లో ఒకదాన్ని రెండుగా చించాడు. బయట గడియ పెట్టాడు.

ఆంజినప్ప గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు. "రేయ్ మోహనా, ఏం పని ఇది? మొదట అడుగు రా. అడగకుండా కొడ్తారా ఎవరైనా?"

"నువ్వు గమ్మునుండప్పా. అడిగేది ఇప్పుడు ఉండాది."

తన మామిడి మండీలో మూటలు మోసే హమాలీలను కూడా 'రా అప్పా' అని పిలిచే మనిషి అతను. అదే మెత్తదనంతో వీణ ఫోనులో నందీశ్‌కు రాశాడు. 'ఈ పొద్దు ఇంటికి రండి. ఆమె గురించి మాట్లాడాలి.' వెంటనే జవాబు వచ్చింది. 'నా దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది. పది గంటల బస్సుకు వస్తా.'

మోహన్‌కుమార్ మామిడి పెట్టెలు విప్పే ఇనుపకడ్డీ తెచ్చుకుని వసారాలో కూర్చున్నాడు.

ఆ రెండున్నర గంటలు ఆంజినప్ప మూసిన తలుపు ముందు నేల మీద కూర్చున్నాడు. గడియ తీయబోతే కొడుకు కడ్డీ చూపించాడు. లోపల ఆమె ఊపిరి తీస్తున్న చప్పుడు వినపడుతూ ఉండడమే ముసలాయనకు దక్కిన ధైర్యం.

నందీశ్ వచ్చాడు. నలభై దాటిన సన్నటి మనిషి. వారమంతా రైల్లో బెంగళూరుకు పోయి వచ్చే ఉద్యోగం. రైల్లో చదవడానికి పుస్తకాలు పట్టినవాడు. చెప్పులు విడుస్తూనే చేతిసంచిలోంచి ఒక నోటుబుక్కు తీశాడు.

"నమస్కారం సార్. మేడమ్ లేరా? టేకల్ ఆమె సంగతి ఇంగ తేలిపోయింది. మొగుడు బతికి ఉండేది ఖాయం."

కడ్డీ అతని ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వసారా అంతా వినిపించింది. నోటుబుక్కు ఎగిరి ముగ్గులో పడింది. రెండో దెబ్బ భుజానికి తగిలింది. నందీశ్ మెట్ల మీద కూలబడ్డాడు. మూడో దెబ్బకు చేయి లేచేసరికి ఆంజినప్ప మధ్యలోకి వచ్చాడు. కడ్డీ ఆయన చెవి పక్కగా దిగి భుజం మీద చర్మం చీల్చింది. ఆయన పక్కకు తప్పుకోలేదు.

"కొట్టు. కొట్టేసినాక నా మాట ఒకటి విను."

తండ్రి చొక్కా మీద రక్తం చూసి మోహన్‌కుమార్ ఆగాడు.

"పంచాయితీలో పొలం గట్టు తగువు వస్తే మేము ఏం చేస్తా ఉంటిమి? ఇద్దరినీ వేరేవేరే పెట్టి ఒకే ప్రశ్న అడుగుతా ఉంటిమి. ఆమె ఆ గదిలో ఉండాది, ఈయన ఈడ ఉండాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. అడుగు."

మోహన్‌కుమార్ రొప్పుతూ నందీశ్ మీదికి వంగాడు. "ఆ టేకల్ ఆమె మొదటి మొగుని పేరేమి?"

నందీశ్ విరిగిన చేయి ఒళ్లో పెట్టుకుని పళ్ల బిగువున అన్నాడు. "హెద్రాక్."

"ఏమి?"

"హెద్రాక్. దుమ్ములోకంలో గంట కొట్టేవాడు. తొమ్మిదో పుస్తకం."

ఆంజినప్ప వెళ్లి తలుపు దగ్గర నోరు పెట్టాడు. "వీణమ్మా, టేకల్ ఆమె మొదటి మొగుని పేరేమి, తల్లీ?"

లోపలి నుంచి వాచిన పెదవితో ముద్దగా వినపడింది. "హెద్రాకా? వాడు మొగుడు కాదు మామా. అన్న. నందీశ్‌కి ఎన్నిసార్లు చెప్పినా వినడు."

మెట్ల మీంచి నందీశ్ తల ఎత్తాడు. "అన్న ఎట్లవుతాడు మేడమ్? ఉంగరం ఇచ్చినాడు కదా."

"ఆ లోకంలో ఉంగరం ఇచ్చేది తోబుట్టువులకి. నాలుగో పుస్తకంలో చదవలేదా?"

"అది పడవలోళ్ల ఆచారం. గంటలోళ్లది వేరే."

"ఆమె తల్లి పడవలోళ్ల ఇంటామె. మరిచిపోతిరా?"

నందీశ్ ముగ్గులో పడ్డ నోటుబుక్కు వైపు చూశాడు. "దాన్ని నేను చూసుకోలేదు," అన్నాడు. అప్పుడు నొప్పి తెలిసి ఏడ్చాడు.

మోహన్‌కుమార్ చేతిలోంచి కడ్డీ జారి గచ్చు మీద మోగింది. ముగ్గులో తెరుచుకుని పడి ఉన్న నోటుబుక్కులో మూడు గుండ్రాలు గీసి ఉన్నాయి. కేజీఎఫ్, టేకల్, శ్రీనివాసపురం. ఒక్కో గుండ్రంలో పలకడానికి రాని పేర్లు. మధ్యలో బాణాలు. ఒక బాణం పక్కన 'ఈ పాయింటు వీణా మేడమ్‌ది' అని రాసి ఉంది.

అతనే వెళ్లి గడియ తీశాడు. వీణ చినిగిన పుస్తకాల మధ్య గోడకు ఆనుకుని కూర్చుంది. ఒక కన్ను మూసుకుపోయింది. కాలిన అరచేయి చీర కొంగులో చుట్టుకుంది.

"వీణా," అంటూ అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. "నాకు తెలీలేదు. అది కథని తెలీలేదు."

ఆమె నెమ్మదిగా లేచింది. "కథ కాకపోయుంటే?"

"ఏమి?"

"ఆమె నేనే అయుంటే? నాకు నిజంగానే ముందు ఒక మొగుడు ఉండుంటే? అప్పుడు ఈ దెబ్బలన్నీ సరిపోయుండునా?"

ఆమె అతన్ని దాటుకుని బయటికి వెళ్లి, తువ్వాలు తడిపి నందీశ్ చేతికి చుట్టింది. మామ భుజానికి పసుపు అద్దింది. ఆంజినప్ప ఆటో పిలిచాడు. ముగ్గురూ ఎక్కారు. రమ్మని ఎవరూ అనలేదు. మోహన్‌కుమార్ బైకు మీద వెనకాలే వెళ్లాడు.

ఆస్పత్రిలో ముగ్గురినీ చూసి నర్సు రిజిస్టరు తెరిచింది. "ఏమైంది?"

"బస్సు దిగేటప్పుడు పడినాను సిస్టర్," అన్నాడు నందీశ్. అతను వీణ వైపు చూడలేదు. ఆమె కాపురం నిలవాలని అతను చేయగలిగిన దయ అదొక్కటే.

"మీకమ్మా?"

వీణ కాలిన చేతి మీది కొంగు విప్పింది. నర్సు కలం ఎత్తి పట్టుకుని ఉంది.

"ఆయన బస్సులో పడలేదు." మోహన్‌కుమార్ తలుపు దగ్గర నిలబడి అన్నాడు. "నేను కొట్టినాను. ఆయన్ని, మా నాయన్ని కడ్డీతో. ఈమెని చేత్తో, కాలితో."

"పోలీసులకి పోతుంది ఇది. తెలుసు కదా?"

"రాసుకోండి." అతను లోపలికి వచ్చి రిజిస్టరు ముందు నిలబడ్డాడు. "ఇది మొదటిసారి కాదు. ఉగాదికి ముందు ఒకసారి కొట్టినాను. పన్ను నొప్పని బడిలో చెప్పుకోనింది. అది కూడా రాయండి."

ఆంజినప్ప కోడలి వైపు తిరిగాడు. ఉగాదికి ముందు వాచిన ఆ చెంపకు లవంగం నూనె తెచ్చిచ్చింది ఆయనే. ఒకే ఇంట్లో ఉండి, ఆమె చెప్పిన కథను నమ్మి నిద్రపోయాడు.

పొద్దుట్నుంచి కంటతడి పెట్టని వీణ, రిజిస్టరు మీద కలం కదులుతున్న చప్పుడు వింటూ, కాలిన చేయి ఒళ్లో పెట్టుకుని, అందరి ముందూ గొంతెత్తి ఏడ్చింది.