మంచులో దింపుడు కళ్లం

మాదన్న తన ఐషర్ లారీ నెత్తిన 'ఎమ్మిగనూరు' అని ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు రాయించుకున్నాడు. పంజాబులో వాటిని ఎవడు చదువుతాడప్పా అని లారీ ఆఫీసులో అందరూ పడీపడీ నవ్వినారు. "ఎవడూ చదవొద్దు. టీ తాగి దిగొచ్చినప్పుడల్లా నాకు కనపడితే చాలు" అన్నాడు మాదన్న. అట్లాంటి మనిషి. ఊరు దాటితే దిగులు, ఊళ్లో ఉంటే విసుగు.

ఆ వేసవి మొదట్లో ఆదోనిలో పత్తి బేళ్లు ఎత్తుకోని లూధియానాకు పోయినాడు. క్లీనర్ లేడు, తోడు లేదు. ఒక్కడే తోలుకుంటా, తనలో తానే మాట్లాడుకుంటా పోవడం ఆయప్పకు అలవాటు. బయలుదేరేటప్పుడు ఈడ వేపపూత రాలతాంది, మధ్యాహ్నం స్టీరింగు పట్టుకుంటే చేతులు కాలతాండాయి.

బేళ్లు దించుతాంటే ఫోనొచ్చింది. అవతల మంచుకొండల్లో రోడ్డు పనిచేసే క్యాంపు మేస్త్రి. హిందీలో ముక్కలుముక్కలుగా చెప్పినాడు. కొండమీద మంచు జారింది. ఈరేష్ దాని కింద పడిపోయినాడు. తీసేసరికే ప్రాణం లేదు. రోడ్డు ఈరోజే తెరిచినారు, మళ్లీ ఎప్పుడు మూస్తారో తెలీదు, వచ్చి తీసుకపో.

ఈరేష్ మాదన్నకు తమ్ముడు. మనవైపు వానల్లేనప్పుడు జనం బెంగుళూరుకు పోతారు, గుంటూరుకు మిరపకాయలు కోయడానికి పోతారు. వీడు మాత్రం పెండ్లాం పద్మను ఇంట్లో విడిచి, కూలి ఎక్కువిస్తారని ఏకంగా దేశం నెత్తి మీదికి పోయినాడు. ఎప్పుడూ నవ్వే మనిషి. అన్నను ఒక్కరోజు కూడా అన్నా అని పిలిచింది లేదు. లారీలో పైనెక్కి కూర్చుని, నల్లద్దాలు పెట్టుకోని ఊళ్లోకొచ్చే మాదన్నను చూసి "ఏం దొరా, ఎప్పుడొస్తివి?" అనేవాడు. చిన్నప్పుడు మొదలైన ఎగతాళి పిలుపు, అట్లే నిలిచిపోయింది.

మాదన్న లారీ చక్రానికి ఆనుకోని ఏడ్చినాడు. ఏడ్చినాక పెదనాయన అయ్యన్నకు ఫోన్ చేసినాడు.

"పద్మకు చెప్పొద్దురా" అన్నాడు అయ్యన్న. "పచ్చి బాలింతరాలు. ఇప్పుడు చెప్తే పాలెండిపోతాయి, బిడ్డ దక్కదు. నువ్వు తోడుకోని రా. వాడు పొలిమేరలోకి వచ్చినాక నేనే చెప్తా."

"సరే పెదనాయనా."

"ఇంగొకటి. దింపుడు కళ్లం ఈడికొచ్చినాకనే. మన పొలిమేరలోనే. ఆడెక్కడా పేరు పెట్టి పిలవొద్దు. పరాయి నేల మీద పిలిస్తే ఎవరు పలుకుతారో ఎవరికి తెలుసు?"

మాదన్న ఊఁ కొట్టినాడు. పాడె మోసుకపోతా సగం దావలో దించి, చచ్చినోని చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలవడం మనవాళ్ల పద్ధతి. ఎక్కడన్నా ప్రాణం మిగిలుంటే పలుకుతాడని ఆశ. ఇంతవరకు పలికినోడు లేడు. అయినా ఆ మూడుసార్లూ మోసేవాళ్ల గుండె ఆగుతాది.

పద్మకు కూడా ఫోన్ చేసినాడు. తమ్మునికి జ్వరం తగిలిందంట, నేనే పోయి తోడుకోనొస్తా అన్నాడు.

"ఎట్లన్నా తోడుకోని రా బావా" అనింది పద్మ. "బిడ్డ ముఖం ఇంగా చూడనే లేదు. ఒక్కసారి ఆయప్పను ఇంటికి తెచ్చిడిసిపెట్టు, మళ్లా యాడికీ పంపను."

"తెస్తా తల్లీ. మాటిస్తాండా" అన్నాడు మాదన్న.

ఆ మాట గొంతులో ముల్లు మాదిరి పెట్టుకోని ఖాళీ లారీ ఉత్తరానికి తిప్పినాడు. కింద లోయల్లో చెట్లకు ఆకుల్లేవు, ఉత్త పూలే. తెల్లవి, గులాబీవి. పైకి పోయేకొద్దీ పూలు పోయినాయి, చెట్లు పోయినాయి, కడాకు రంగే పోయింది. దావకు రెండు పక్కలా లారీ ఎత్తున మంచు గోడలు. ఇంజను చప్పుడు ఆ గోడలకు తగిలి వెనక్కొస్తాంటే, ఎవరో ఇంకో లారీ వేసుకోని వెంట వస్తాండారేమో అనిపించి అద్దంలో చూసుకున్నాడు. ఎవరూ లేరు.

క్యాంపంటే నాలుగు రేకుల షెడ్లు. కిరసనాయిలు కంపు. ఈరేష్‌ను షెడ్డు వెనక మంచులోనే పెట్టినారు. ఇంటినుంచి తీసుకపోయిన ఎమ్మిగనూరు దుప్పటే చుట్టినారు. మాదన్న దుప్పటి తొలగించి ముఖం చూసినాడు. నిద్రపోతాండాడంతే. రెప్పల మీద మంచు పొడి. పోలీసులిచ్చిన కాయితాన్ని మేస్త్రి తెచ్చి మాదన్న జేబులో పెట్టినాడు. పెట్టి, ఊరుకోక ఒక మాటన్నాడు.

"బయటికి తీసినప్పుడు వేళ్లు ఇంకా మెత్తగానే ఉన్నాయి భాయ్."

చెప్పకున్నా సరిపోతాండె. ఆ ముక్కే కొంప ముంచింది.

తమ్ముణ్ణి లారీ వెనక టార్పాలిన్ కింద పడుకోబెట్టినాడు. తిరుగు దావలో కొంత దూరం దిగినాక ఒకడు ఎర్రగుడ్డ ఊపి లారీ ఆపినాడు. ముందర మంచు జారిందంట, మిషను వచ్చి తీసేదాకా ఈడే ఉండమని సైగచేసి, వాడు మలుపు తిరిగి పోయినాడు. పోయినోడు మళ్లీ రాలేదు.

మధ్యాహ్నమే. కానీ పొగమంచు దిగింది. చీకటంటే మనకు నలుపే తెలుసు. ఆడ చీకటి తెల్లగా ఉండాది. కొండ లేదు, ఆకాశం లేదు, లారీ మూతి కూడా లేదు. చప్పుడు చేసే పిట్ట లేదు, ఆడడానికి ఆకు లేదు. మాదన్నకు తన చెవుల్లో తన రక్తం కొట్టుకోవడం వినపడింది.

వేళ్లు మెత్తగానే ఉన్నాయి.

వెనక పడుకున్నోడు పోయినాడని చెప్పింది ఎవరు? మేస్త్రి. వానికేం తెలుసు? చలికి బిగుసుకపోయిన మనిషి లేచిన కథలు మాదన్న దాబాల్లో ఎన్ని వినలేదు! ఊరికి పోయేదాకా ఆగితే, అప్పటికి నిజంగానే పోతే? పెదనాయన మాట గుర్తుకొచ్చింది. ముసలోళ్లకు ఏం పని, అన్నిటికీ భయమే అని తిట్టుకున్నాడు. లారీ దిగినాడు.

నలుగురు చేసే పని ఒక్కడే చేసినాడు. టార్పాలిన్ పట్టుకోని లాగి, భుజమిచ్చి, ఆయాసపడతా, ఏడుస్తా తమ్ముణ్ణి మంచు మీదికి దించినాడు. దుప్పటి తీసి చెవి దగ్గర నోరు పెట్టినాడు.

"ఒరే ఈరేషా."

ఏమీ లేదు. తన ఊపిరే పొగై తమ్ముని చెంప మీద పాకింది.

"ఈరేషా... రారా. ఇంటికి పోదాం రా."

ఏమీ లేదు.

"ఈరేషా..."

"ఊఁ."

మాదన్న గుండె ఆగి, మళ్లీ కొట్టుకునింది. ఛాతీ మీద చెయ్యి పెట్టినాడు. బండ. ముక్కు దగ్గర వేలు పెట్టినాడు. గాలి లేదు. పెదవులు చూసినాడు. వాటి మీది మంచు పొడి అట్లే ఉండాది. చెదరలేదు.

పలికింది ఆ నోరు కాదు.

"భ్రమ రా మాదా, భ్రమ" అనుకుంటా తమ్ముణ్ణి మళ్లీ పైకెక్కించినాడు. దించేటప్పుడు నడుం విరిగినంత పనైంది. ఎక్కించేటప్పుడు మాత్రం ఎవరో కాళ్లవైపు పట్టుకున్నట్టు తేలిగ్గా ఎక్కినాడు. అది గమనించినాడు గానీ, ఆలోచించడానికి ధైర్యం చాలలేదు. క్యాబిన్లోకి దూరి తలుపు గట్టిగా వేసుకున్నాడు.

కాసేపటికి వీపు వెనక రేకు మీద... టక్. టక్.

"అన్నా."

ఈరేష్ గొంతే. కొంచెం రాసుకపోయింది, అంతే.

"అన్నా... సలి."

మాదన్నకు భయం వేయలేదు. చెప్తే నమ్మరు గానీ, సంతోషమేసింది. దిగి పరుగెత్తి టార్పాలిన్ ఎత్తి చూసినాడు. దుప్పటి కట్టు కట్టినట్టే ఉండాది. తమ్ముడు బిగుసుకోనే ఉండాడు. పిలిచినాడు. పలకలేదు. వచ్చి సీట్లో కూర్చున్నాడో లేదో, మళ్లీ టక్ టక్.

"ఇంటికి పోదామంటివి కదా అన్నా. దావ యాడ?"

అప్పుడర్థమైంది మాదన్నకు. అర్థమైందనుకున్నాడు. ప్రాణం పోయింది నిజమే. కానీ ఇంత దూరంలో, ఈ తెలుపులో, పాపం నా తమ్మునికి దావ తెలీక నన్నడుగుతాండాడు. కండ్లనిండా నీళ్లు పెట్టుకోని, రేకుకు తల ఆనించి, చిన్నబిడ్డకు చెప్పినట్టు చెప్పినాడు.

"ఎమ్మిగనూరు దాటల్లప్పా. ఆదోని దావ పట్టల్ల. పత్తిమిల్లు దాటినాక ఎడమచేతికి మట్టి దావ. కడాఖరి ఇల్లు మనదే."

"తలుపు?"

"నీలం తలుపు. నువ్వే కదా రంగేస్తివి."

"ఇంట్లో ఎవరుండారు?"

"పద్మ ఉండాది. బిడ్డ ఉండాది. నీ ముక్కే వచ్చిందిరా దానికి..."

రేకు అవతల ఏదో గీరుకునింది. గోరు మాదిరి. ఈ తూరి గొంతు మరీ దగ్గరగా, గుసగుసగా వచ్చింది.

"పద్మను నేను ఏమని పిలిస్తే తలుపు తీస్తాది అన్నా?"

"పద్దీ అని..."

నోరు జారినాక నాలుక కరుచుకున్నాడు.

పెండ్లాన్ని తానేమని పిలుస్తాడో మొగుడికి తెలీకపోవడమేంది?

ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. చల్లటి నీళ్లు నడినెత్తిన పోసినట్టయింది. ఈరేష్ తనను... అన్నా అని... ఎప్పుడు పిలిచినాడు?

"ఎవరు నువ్వు?" అన్నాడు.

వెనక డోరు గొలుసు గలగలమనింది. లారీ వెనకభాగం మీదినుంచి బరువు దిగినట్టు ఒక్కసారి ఊగి పైకి లేచింది. ఆ తర్వాత మంచు మీద అడుగులు... సర్క్... సర్క్... సర్క్... లారీ పక్కనుంచి ముందుకు. మూతి దగ్గర ఆగినాయి. మాదన్న కండ్లు మూసుకున్నాడు. మూసుకోని ఏ దేవున్ని తలుచుకోవల్లనో కూడా తోచలేదు.

అడుగులు కిందివైపు పోయినాయి. సర్క్... సర్క్... ఆమీట చప్పుడు లేదు.

పొగమంచు పలచబడినాక దిగినాడు. తమ్ముడు దుప్పట్లో అట్లే ఉండాడు. లారీ వెనకనుంచి ఉత్త కాళ్ల అడుగులు మొదలై, లోయ దావ పట్టి పోయినాయి. ఒక్కటే వరస. లారీ నెత్తినంతా పొగమంచు గడ్డకట్టి పేరుకోనుండాది. 'ఎమ్మిగనూరు' అన్న అక్షరాల మీద మాత్రం లేదు. ఒక్కో అక్షరాన్నీ ఎవరో వేలితో తుడిచి తుడిచి చదువుకున్నారు.

ముందర దావ తెరిచుంది. మిషను రాలేదు, మనిషి రాలేదు, మంచు మాత్రం లేదు. మాదన్న లారీని లేపి, మలుపులని లెక్కచేయకుండా దింపినాడు. ఫోనులో సిగ్నల్ గీతలు వస్తే చాలు. పద్మకు నిజం చెప్పేస్తా. పాలెండిపోనీ. మనిషి దక్కల్ల, బిడ్డ దక్కల్ల. పొద్దు వాలతాంటే, కింద ఎక్కడో ఊరి దీపాలు కనపడినాయి. ఫోన్ తానే మోగింది.

పద్మ.

"బావా! ముందే చెప్పొద్దా?" నవ్వుతాంది. ఎన్ని రోజులకో నవ్వింది. "మీ తమ్ముడు వచ్చినాడు!"

మాదన్న బ్రేకు తొక్కినాడు.

"పద్మా... యాడ?"

"తలుపవతల నిలబడుకోనుండాడు. పద్దీ పద్దీ అని ఒకటే పిలుపు. జ్వరానికి గొంతు రాసుకపోయినట్టుండాది పాపం. నువ్వు లారీ నిలిపొస్తాండావేమో అనుకుంటి. యాడుండావు?"

"తీయొద్దు! తల్లీ, తలుపు తీయొద్దు! వాడు లేడు... చచ్చిపోయినాడు పద్మా, ఈడ నా లారీలో ఉండాడు!"

ఫోనులో గరగర.

"ఆఁ? ఏమీ వినపళ్లే బావా. ఈ వేసవిలో చూడు, గడియ ఎంత సల్లగా ఉండాదో, చెయ్యి అతుక్కుంటాంది... ఉండు, బిడ్డ లేచింది, ముందు తలుపు తీసి..."

తెగిపోయింది. మాదన్న మళ్లీ కొట్టినాడు. మళ్లీ. గీతలు ఒక్కటీ లేవు. ఫోను చేత్తో పైకెత్తి పట్టుకోని, అద్దం దించి, కొండలు మారుమోగేలా పద్మా పద్మా అని అరిచినాడు. కొండలు ఆ పేరునే తిప్పి చెప్పినాయి.

అరుపు సద్దుమణిగినాక, వీపు వెనక రేకు మీద చిన్నగా, శక్తిలేని చప్పుడు. టక్.

"దొరా... తలుపు తీయొద్దని సెప్పు."