అరవై మోపుల లెక్క

1968 జూన్ 18. ఉదయం 9-20.

రామతీర్థం దగ్గర పల్లెలో అసిరయ్య పశువులశాల ఖాళీగా ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి ఎడ్లజతని దొంగలెత్తుకుపోయారని అతని రిపోర్టు.

ఎస్.ఐ. నరసింగరావు వంగి శాలలో నేల చూశాడు. ఒళ్ళు మండిపోయింది. ఈ మాత్రం కూడా చూడకుండానే కానిస్టేబుళ్ళు పశువుల బేరగాడు లక్ష్ముణ్ణి దారిలో పట్టుకుని, లాకప్పులో ఒళ్ళు హూనం చేసేశారు! మధ్యాహ్నం కోర్టు. ఆపైన జైలు.

సర్వేయరు ఏసుదానాన్ని పిలిపించాడు. ఊళ్ళో ప్రతి రైతు పంటా, పశువులూ, మేతా రాసుకుని, కార్డులకి బెజ్జాలు కొట్టించి ఢిల్లీ కంప్యూటర్‌కి పంపినవాడు అతనే. ఎవరెన్ని పశువుల్ని సాకగలరో అది లెక్కకట్టి చెప్పేది.

"అసిరయ్యకి ఢిల్లీ నుంచొచ్చిన కాగితం చదవండి."

"గడ్డి అరవై మోపులు. ఎడ్లకి ముప్పై చాలు. మిగులు ముప్పై అమ్మవచ్చు, సార్."

"రాసుకునేటప్పుడు కుప్ప చూశారా?"

"చూశాను. ముప్పై మోపులుండొచ్చు. కానీ రైతు చెప్పిందే రాయాలి కదా, సార్."

నరసింగరావు తలెత్తి ఇంటివైపు చూశాడు. పైన గడ్డి లేదు, వాసాలే మిగిలాయి.

"మిగతా ముప్పై ఆ కప్పు మీదుండేవి. అవునా, అసిరయ్యా?"

"అవును బాబూ. కరువొస్తే కప్పు పీకి పశువులకేత్తాం. గడ్డెంతని అడిగితే అదీ లెక్కెట్టీసినాను. ఆ ఢిల్లీ మిసను అమ్మమందని కుప్ప అమ్మీసినాను."

"శాలలో పేడ ఎండి రాయైంది. నాలుగింటిదాకా ఎడ్లుంటే పచ్చిపేడేదీ? ఎప్పుడు చచ్చాయి?"

అసిరయ్య పెళ్ళాం దాలమ్మ బావురుమంది. "పోయిన గురువారానికి రెండూ పోనాయి బాబూ. కప్పు మీది మసిబారిన గడ్డికి మూతెట్టనేదు."

"దొంగతనమని ఎందుకు చెప్పావయ్యా?"

"సచ్చిపోనాయంటే కామందు కౌలు తీసేత్తాడు. దొంగలంటే కేసు తేలేదాకా ఆగుతాడని... లక్ష్ముడి పేరు నాను సెప్పనేదు, బాబూ!"

"కాదనీ చెప్పలేదు."

నిజం రాయకపోతే లక్ష్ముడికి జైలు. రాస్తే అసిరయ్యకి భూమి లేదు. నరసింగరావు పెన్ను తీశాడు. 10-05: తప్పుడు ఫిర్యాదు. లక్ష్ముణ్ణి వదిలెయ్యాలి.

"కొత్త కార్డు పంపుతాను సార్," అన్నాడు ఏసుదానం, నీళ్ళు నములుతూ. "ఎడ్లు సున్నా అని."

రిపోర్టు మీద టప్‌మని చినుకు పడింది. రెండు నెలలుగా ఊరంతా ఎదురుచూసిన వాన. వీధిలో జనం కేకలు పెడుతూ నాగళ్ళు బయటికి తీస్తున్నారు.

అసిరయ్య లేచాడు. అలవాటు కొద్దీ వాసానికి వేలాడే పలుపుతాళ్ళు అందుకుని, శాల గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు.

"వానొచ్చినాదే, దాలీ."

దాలమ్మ లోపల పొయ్యి మీద కొంగు కప్పి కూర్చుంది. ఇంట్లోనూ కురుస్తోంది.