వానకీ మెట్లకీ ఏం సంబంధం?

మొదటి తూటా కళ్ళజోడు ఎడమ అద్దాన్ని చీల్చుకుని లోపలికి దూరింది. మిగతా రెండూ అనవసరమే. అయినా హంతకుడు పద్ధతి తప్పలేదు. ఒకటి గొంతుకి, ఒకటి గుండెకి. తుపాకీకి సైలెన్సర్ ఉంది, వంటింట్లో కుక్కర్ కూస్తోంది. ఎవరికీ ఏమీ వినబడలేదు. గురువారం సాయంత్రం నాలుగింటికి భార్య టీ కప్పుతో గదిలోకి వచ్చేసరికి డెబ్బై ఏళ్ల ఆ ముసలాయన టేబుల్ మీద తల వాల్చి ఉన్నాడు. ల్యాప్‌టాప్ తెరంతా నెత్తుటి తుంపరలు. వాటి వెనకాల పాత నవలల అభిమానుల ఆన్‌లైన్ క్లబ్ పేజీ ఇంకా వెలుగుతూనే ఉంది.

గంట తిరక్కుండా డిపార్ట్‌మెంట్ పెద్దాయన తన ఏజెంటుని పిలిపించాడు. ఫైళ్లలో ఆమె పేరు పిచ్చుక. లోకానికి మాత్రం ఆరేళ్లుగా ఒక ఇరుకు సందులో పుస్తకాలు బైండింగ్ చేసుకుని బతికే మనిషి. ఎంత కడిగినా చేతుల జిగురు వాసన పోదు. చనిపోయినాయన ఒకప్పుడు ఇదే డిపార్ట్‌మెంట్‌లో కోడ్‌లు విప్పిన దిట్ట. అంతకుమించి, పిచ్చుకకి స్వయానా మేనమామ.

"ఇంకొకరికి అప్పజెప్పమంటే అప్పజెప్తాను," అన్నాడు పెద్దాయన.

"వాణ్ని ఇంకొకరు పట్టుకుంటే నా కడుపుమంట చల్లారదు సార్. విషయం చెప్పండి."

పెద్దాయన చెప్పాడు. ఆ క్లబ్బులో ప్రతి ఆదివారం నాలుగింటికి 'మాటకి మాట' అనే ఆట ఆడతారు. మోడరేటర్ ఒక మాట విసురుతుంది. పది సెకన్లలో ఎవరికి ఏ మాట తడితే అది రాయాలి. ఉప్పు అంటే కారం, అత్త అంటే కోడలు. కిందటి ఆదివారం గుడ్లగూబ అనే మారుపేరు మెంబర్ మాత్రం వానకి 'మెట్లు' అని, పాలకి 'ఎడమ' అని, పెళ్లికి 'తెలుపు' అని, చీపురుకి 'పదకొండు' అని రాశాడు. తప్పు కనబడితే చేతులు కట్టుకు కూర్చోవడం మామయ్యకి చేతకాదు. "వానకీ మెట్లకీ ఏం సంబంధం నాయనా? నీ మాటల్లో మనసు లేదు," అని అందరిముందూ అడిగేశాడు. మర్నాడు పదకొండింటికి ఒక తెల్ల భవనం మెట్లకి ఎడమపక్కన నౌకాదళం ఆఫీసరొకడు కాల్పుల్లో కుప్పకూలాడు. ఆ వార్త చూసి మామయ్య గురువారం పొద్దున డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేశాడు. అయిదింటికి వస్తానన్నాడు.

క్లబ్బులో మన మనిషి ఒకామె ఉందని కూడా పెద్దాయన చెప్పాడు. మోడరేటర్ ఆవిడే. పట్టుచీరలు, విదేశీ విందులు, ముత్యాల్లాంటి నవ్వు. పరాయి ముఠాలో చేరి మూడేళ్లుగా వాళ్ల రహస్యాలు మనకి అందిస్తోంది.

మామయ్య పోయిన సంగతి ఆవిడకి తెలుసా అని పిచ్చుక అడిగింది. మనకీ అత్తయ్యకీ చంపినవాళ్లకీ తప్ప ఇంకెవరికీ తెలియదన్నాడాయన.

"అయితే ఆదివారం మామయ్య ఆట ఆడతాడు," అంది పిచ్చుక.

ఆదివారం నాలుగింటికి ఆమె మామయ్య గదిలోనే కూర్చుని ఆయన పేరుతో లాగిన్ అయింది. అత్తయ్య కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. మోడరేటర్ 'దీపం' అంది. అందరికన్నా ముందు మామయ్య పేరుమీద 'వత్తి' అని పడింది.

అంతే, ఆట ఆగిపోయింది. మోడరేటర్ నలభై సెకన్లపాటు నోరు మెదపలేదు. మూడేళ్లలో ఎన్నడూ లేనిది. ఈలోగా పిచ్చుక చెవిలోని ఇయర్‌పీస్‌లో టెక్నీషియన్ గొంతు వినబడింది. మోడరేటర్ ఫోనూ గుడ్లగూబ ఫోనూ ఒకే గదిలో ఉన్నాయట. అడిగేదీ ఆవిడే, జవాబు చెప్పేదీ ఆవిడే. అటు తిని ఇటు పాడే డబుల్ ఏజెంట్.

ఆవిడ అనుమానం ఎలా తీర్చాలా అని పిచ్చుక తటపటాయిస్తుంటే అత్తయ్య కీబోర్డు తనవైపు లాక్కుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది: "నేను ఆయన భార్యని. ఆయన మొన్న పోయారు. ఆయనకి ఇష్టమైన ఆటని ఒక్కసారి ఆడాలనిపించింది."

సంతాపాలు వరదలా వచ్చాయి. అందరికన్నా ముందు మోడరేటరే పూలబొమ్మ పంపింది. తర్వాత ఆట సాగింది. గుడ్లగూబ నాలుగు మాటలు రాసింది: మూడు, గంట, కిటికీ, కుర్చీ.

మర్నాడు పదకొండింటికి పాత పుస్తకాల షాపు పైనున్న హాల్లో క్లబ్ సభ్యులు మొదటిసారి ముఖాముఖి కలుస్తున్నారు. దేశానికి క్షిపణులు తయారుచేసే ఇంజనీరు ఒకాయన కూడా మెంబరే. నవలల పిచ్చితో గార్డుల్ని వదిలేసి వస్తాడు. చూపు మందం కాబట్టి ఎక్కడికెళ్లినా కిటికీ పక్కనే కూర్చుంటాడు. గురి ఆయనమీదే. మోడరేటర్‌ని వెంటనే అరెస్టు చేద్దామన్నాడు పెద్దాయన.

"ఆవిణ్ణి పట్టుకుంటే తుపాకీ పారిపోతుంది సార్. అది పేలేదాకా ఆగాలి."

"పేలబోయేదాకా," అని సరిదిద్దాడాయన.

సోమవారం ఆ హాలు చివర, నెరిసిన విగ్గుతో, సోడాబుడ్డి కళ్ళద్దాలతో, చిరిగిన పుస్తకాలు ఉచితంగా కుట్టిపెట్టే ముసలామె ఒకతె కూర్చుంది. ముందు దబ్బనం, మైనం పట్టించిన దారం, జిగురు డబ్బా. కళ్ళద్దాల ఫ్రేములో కెమెరా. ఎర్ర పట్టుచీరలో మోడరేటర్ ఆట మొదలుపెట్టింది. పది సెకన్లు కాగానే ఇత్తడి గంట కొడుతోంది. మొదటి గంట మోగింది. రెండోది మోగింది. ఇరవైమంది పెన్నులు నముల్తూ, పైకప్పు చూస్తూ ఆలోచిస్తున్నారు. బూడిదరంగు కోటువాడొకడు మాత్రం ఏమీ ఆలోచించడంలేదు. వాడి ఒళ్ళో లావుపాటి పుస్తకం, కుడిచెయ్యి అడుగునుంచి దాని లోపలికి. పుస్తకం అంచు మెరుస్తోంది. పేజీలన్నీ ఒకటిగా అతికించిన కొత్త జిగురు అది. పిచ్చుకకి మనుషులు అర్థంకాకపోవచ్చు గానీ జిగురు అర్థంకాకపోదు.

మోడరేటర్ మూడో మాట చెప్పింది. పిచ్చుక లేచి, నడుం పట్టుకుని, వరసల మధ్య కుంటుకుంటూ నడిచింది. ఏడు. ఎనిమిది. వాడు పుస్తకం ఎత్తి కిటికీవైపు తిప్పాడు. తొమ్మిది.

దబ్బనం అట్టలోంచి వాడి చేతిలోకి, చేతిలోంచి అవతలి అట్టలోకి దిగింది. గంటా తుపాకీ ఒక్కసారే మోగాయి. ఇంజనీరు చెవికి బెత్తెడు దూరంలో కిటికీ అద్దం భళ్ళున పగిలింది.

వాడు అరవలేదు. ఎడమచేత్తో ఆమె తల పట్టుకుని బీరువాకేసి బాదాడు. విగ్గు ఊడింది, పన్ను విరిగింది, నోరంతా నెత్తురు. రెండోసారి బాదేలోపు పిచ్చుక మైనపు దారం వాడి మెడకి చుట్టి, వీపులో మోకాలు పెట్టి, మందపాటి పుస్తకానికి కుట్టు బిగించినట్టు బిగించింది. వాడు నేలమీద కాళ్ళు కొట్టుకున్నాడు. బూటు ఒకటి ఊడిపోయింది. కాసేపటికి రెండో కాలు కూడా కదలడం మానేసింది.

"పక్కకి జరుగు పిచ్చుకా," అంది విగ్గు ఊడగానే గుర్తుపట్టిన మోడరేటర్. చేతిలో చిన్న పిస్టల్, గురి ఇంజనీరు గుండెమీద. "నాకు నీతో పని లేదు."

"నాకుంది," అంది పిచ్చుక.

పుస్తకం ఇంకా చచ్చినవాడి చేతికి గుచ్చుకునే ఉంది. దాన్ని అటు తిప్పి, పేజీల బోలులోకి వేళ్లు దూర్చి, వాడి వేలిమీద తన వేలు పెట్టి నొక్కింది. రెండుసార్లు. ఎర్రచీర మీద నెత్తురు కనబడలేదు. ఆవిడ వెనక్కి పడ్డాక, గోడకి అంటిన మరక మాత్రం కనబడింది.

మెట్లమీద పెద్దాయన మనుషుల బూట్లు చప్పుడు చేశాయి. ఎప్పటిలాగే, అంతా అయ్యాక.

ఆ మధ్యాహ్నం పిచ్చుక పెదవికి కుట్లు వేయించుకుని తిన్నగా అత్తయ్య దగ్గరికి వెళ్లింది. ఆవిడ మామయ్య టేబుల్‌ని తడిగుడ్డతో తుడుస్తోంది, తుడిచినచోటే మళ్ళీ తుడుస్తోంది. ఇద్దరూ చచ్చారని పిచ్చుక చెప్పింది. అత్తయ్య తల ఊపి, అసలు ఎందుకు చంపారని అడిగింది.

"ఒక్క మాటకి తప్పు పట్టాడని, అత్తయ్యా."

అత్తయ్య గుడ్డ పక్కన పెట్టి, ఖాళీ కుర్చీవైపు చూసింది.

"నలభై ఆరేళ్లు పూటపూటా నా వంటకి తప్పులు పట్టారు," అంది. "నేను గరిటె కూడా ఎత్తలేదే."