మొహమాటం లేనివాడి రెండు స్టార్లు

పొద్దున్నే షట్టర్ సగం లేవగానే కోడలు చేసే మొదటి పని ఫోన్ తీసి దుకాణం పేజీలో కొన్నవాళ్ళు ఏం రాశారో చూడటం. రెండో పని, ఎందుకు చూశానా అని తనను తాను తిట్టుకోవటం.

లోపల మావగారు వెదురు బుట్టల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ఆవిరికి పెడుతున్నాడు. అత్తగారు వెడల్పాటి గిన్నెలో, డిమ్‌సమ్‌ల పిండి పొరలో కూరే చికెన్ స్టఫింగ్ కలుపుతోంది. గుమ్మం బయట భర్త స్కూటర్‌కి డెలివరీ సంచి బిగిస్తున్నాడు. చూడటానికి ఎవరి పనిలో వాళ్ళున్నట్టే ఉంది గాని, అందరి చెవులూ ఆ ఫోన్ మీదే ఉన్నాయి.

"మళ్ళీ వాడేనా?" అన్నాడు భర్త.

వాడే. పేజీలో వాడు పెట్టుకున్న పేరు 'మొహమాటం లేనివాడు'. వానాకాలం వెళ్ళినప్పటి నుంచి వారం తప్పకుండా వస్తాడు, రెండు స్టార్లు విసిరేసి పోతాడు.

డిమ్‌సమ్ పట్టుకెళ్ళేవాళ్ళ అభిప్రాయాలు కోడలికి కొత్త కాదు. సాస్ చాల్లేదని ఒకాయన ఏడిస్తే, సాస్‌లో ముంచి చంపారని ఇంకొకావిడ ఏడుస్తుంది. డబ్బాలో చెమ్మ చేరి డిమ్‌సమ్ అడుగున అంటుకుపోతోందని ఎవరో రాస్తే, మూతలకు చిల్లులు పొడిపించింది ఆమే. కూర్చుని తినే చోటు లేని కొట్టు అది. కొన్నవాడు ఇంటికెళ్ళి మొహం ఎలా పెట్టాడో తెలియాలంటే ఆ పేజీ ఒక్కటే దారి. అందుకే ప్రతి మాటకూ ఓపిగ్గా జవాబు రాసేది. పెళ్ళయ్యాక తనకంటూ దొరికిన చోటు ఆ కౌంటర్. దాన్ని ఎవరో రెండు స్టార్లతో కొరుక్కు తింటుంటే ఆమెకు కాలు ఒకచోట నిలవటం లేదు.

వాడిది ఎప్పుడూ ఒకటే పాట. పైపొర బాగుంది, ఆవిరి పట్టిన తీరు అద్భుతం, ఉప్పు మాత్రం ఎక్కువ. వాడి తోక పట్టుకుని మిగతావాళ్ళూ ఉప్పు ఉప్పు అనటం మొదలెట్టారు. పాత గిరాకీ పలచబడింది. ఇదంతా మూల మీది నూడుల్స్ కొట్టువాడి పనేనని భర్త అనుమానం.

నిజానికి ఉప్పు ఎక్కువవుతోందని కోడలికీ తెలుసు. ఒకసారి నోరు జారింది కూడా. అప్పుడు అత్తగారు చేయి ఆపి, నిమ్మళంగా అంది. "ఇంట్లోవాళ్ళ నాలుక్కి ఏం తెలుస్తుందమ్మా? డబ్బిచ్చి కొనేవాడు చెప్పనీ, వింటా."

అది ఆ వంటగది చట్టం. చెంచాడు స్టఫింగ్ ఆవిరిలో ఉడికించి రుచి చూసేది అత్తగారు ఒక్కతే. ఇంకెవరికీ ఆ చెంచా అందదు. ఆ నాలుక మీదే కొట్టు నిలబడిందని మావగారే గొప్పగా చెప్పేవాడు.

"పైకి చదువు," అంది అత్తగారు లోపల్నుంచి.

కోడలు చదివింది. "నిన్నటి రొయ్యల డిమ్‌సమ్ నోట పెట్టలేకపోయాను ఆవిరి మాత్రం చక్కగా పట్టింది మీ కొట్లో ఉప్పు చూసేవాళ్ళు లేరా."

"ఇవాళ వాడి సంగతి తేలుస్తా," అని భర్త మూల కొట్టు వైపు నాలుగడుగులు వేశాడు.

"ఆగు," అంది కోడలు. "నిన్న మనం రొయ్యలవి అమ్మనే లేదు."

నిన్న రొయ్యలు ఆలస్యంగా వచ్చాయి, అవీ అరకొరగా. ఒక్క బుట్టకు సరిపోయాయి. కౌంటర్ దాకా రాకుండా మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళే నిలబడి తినేశారు. ఆ మాట అనేశాక గాని తన గొయ్యి తానే తవ్వుకున్నానని ఆమెకు తట్టలేదు. భర్తకు రొయ్య పడదు, వాసన తగిలితేనే దద్దుర్లు. చేసింది అత్తగారు. నోరు లేని మనిషని మావగారిని ఎవరూ లెక్కలోకే తీసుకోరు. ఇక మిగిలింది తనే.

అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ కౌంటర్ దగ్గరికి వచ్చింది. "ఉప్పెక్కువని ఆనాడు అన్నది నువ్వు. రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చునేదీ నువ్వే."

"నేను కాదత్తయ్యా. నా కొట్టు మీద నేనే బురద చల్లుకుంటానా?"

"నీ కొట్టా?"

ఆ ఒక్క మాటకు కోడలు ఫోన్‌ను కౌంటర్ మీద బోర్లించింది. భర్త వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తూ, "నువ్వేనా?" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. అనుమానంగా అడిగాడు.

"రేపట్నుంచి నువ్వు ఇంట్లో ఉండు. కౌంటర్‌లో అబ్బాయి కూర్చుంటాడు," అని తేల్చేసింది అత్తగారు.

కోడలు వెనక్కి చేయి పెట్టి ఏప్రన్ ముడి విప్పింది. ఆ ముడి ఊడుతుండగానే ముక్కుకు ఘాటుగా సోకింది మాడు వాసన. బుట్టల కింద నీళ్ళు ఇగిరిపోయి, గిన్నె అడుగు నల్లబడి, అడుగు బుట్ట అంచు కాలుతోంది. బయటున్న భర్త ముక్కు మూసుకుంటూ లోపలికి పరిగెత్తాడు. రోడ్డు మీద పోయేవాడు సైతం ఆగి తొంగి చూశాడు.

పొయ్యికి నాలుగడుగుల దూరంలోనే ఉన్న అత్తగారు మాత్రం, ఏం జరిగిందో తెలియక వాళ్ళ మొహాలు చూస్తోంది.

మావగారు పొయ్యి కట్టేశాడు. ఇన్నేళ్ళలో బుట్ట మాడనివ్వని మనిషి. కౌంటర్ దగ్గరి మాటలు వింటూ ఇవాళ నీళ్ళు చూసుకోలేదు.

"నీకు వాసన రాలేదు కదూ?" అన్నాడు భార్యతో. "రాదు. రుచీ తెలియదు. వానాకాలంలో వచ్చిన జ్వరం నుంచి. నాకు తెలుసు." తర్వాత కోడలి వైపు తిరిగాడు. "రాసింది నేనమ్మా. నోటితో చెప్తే ఫోనే రాసుకుంటుందని నువ్వే నేర్పావుగా. పిండి బస్తాల గదిలో కూర్చుని చెప్పేవాణ్ణి. నిన్ను నిలదీస్తుంటే అప్పుడే నోరు విప్పాల్సింది. పెగల్లేదు."

"నాన్నా, నువ్వా?" అన్నాడు కొడుకు.

"ఇంట్లోవాడు చెప్తే మీ అమ్మ వినదు. కొనేవాడు చెప్తే వింటానంది. కొనేవాణ్ణయ్యాను. తిన్న ప్రతిసారీ గల్లాలో డబ్బులు కూడా వేశాను, మాట అబద్ధం కాకూడదని."

అత్తగారు పిండి డబ్బా మీద కూలబడింది. తల వంచుకుని ఒక్కొక్కటే చెప్పింది. జ్వరం తగ్గిన రోజు టీ తాగితే వేణ్ణీళ్ళలా ఉందట. రెండ్రోజుల్లో సర్దుకుంటుందనుకుందట. సర్దుకోలేదు. ఉప్పు తెలియటం లేదని ఇంకో చిటికెడు, అదీ తెలియక ఇంకోటి.

"నా నాలుకే పోయిందని తెలిస్తే, ఈ కొట్లో నేనెవర్ని?" అంది. పైట చెంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

అంతలోనే చెంగు వెనకనుంచి అడిగింది. "అది సరే, ప్రతిసారీ ఆవిరి అద్భుతం ఏమిటండీ? ఆవిరి పెట్టేది మీరేగా?"

"కొనేవాడికి ఏమనిపిస్తే అది రాశాడు," అన్నాడు మావగారు.

కొడుక్కి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే వంగి, కింద పడిన ఏప్రన్ తీసి భార్య నడుముకు చుట్టాడు. ఆమె వెనక్కి తిరక్కుండానే, "ముడి గట్టిగా వెయ్యి. ఎవరో ఏదో అనగానే ఊడకుండా," అంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

మావగారు కొత్త గిన్నెలో నీళ్ళు పెట్టాడు. అత్తగారు లేచి, వేరే స్టఫింగ్ కలిపింది. ఉప్పు డబ్బా మీద చేయి ఆపి, కొద్దిగా వేసింది. ఉడికిన ముద్దను చెంచాలో ఊదుకుంటూ తెచ్చి, కోడలి నోటి ముందు పట్టింది.

"చూడు. కొనేదానిలా చెప్పు."

"ఇంట్లోదానిలా చెప్తానత్తయ్యా," అంది కోడలు. నమిలి మింగింది. "ఈసారి తక్కువైంది. ఒక చిటికెడు పడాలి."

అత్తగారు ఉప్పు డబ్బా ఆమె చేతిలో పెట్టింది. "నువ్వే వెయ్యి."

షట్టర్ పూర్తిగా లేచింది. మొదటి గిరాకీ అప్పుడే మెట్టెక్కుతోంది. కోడలు చెయ్యి కడుక్కుని కౌంటర్‌లోకి వస్తుంటే వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఆ మొహమాటం లేనాయనకి జవాబు రాయలేదేం? నీ కొట్టేగా, నువ్వే రాయి. ఉప్పు చూసేవాళ్ళు ఉన్నారని రాయి."