పాతరేవు కాకి

రాజమండ్రిలో కాకి అరుపు వినపడి రెండేళ్ళు దాటింది.

నీలిజ్వరం ముందు కాకులకే వచ్చింది. కరెంటు తీగల మీంచి, పిట్టగోడల మీంచి టపటపా రాలిపోయాయి. జనం ముక్కుకు గుడ్డ కట్టుకుని చీపుళ్ళతో ఊడ్చి పారేశారు. పోతే పోయాయి, పొద్దున్నే ఆ గోల వదిలిందని సంతోషించినవాళ్ళు కూడా లేకపోలేదు. తరవాత అదే జ్వరం మనుషులకు పట్టుకుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. గోళ్ళు నీలం తిరిగేవి, ఆపైన ఊపిరి అందేది కాదు. ఇంటికో చావు లేచాక గాని కాకి విలువ ఊరికి తెలిసిరాలేదు. పదో రోజున పిండం పెట్టి ఆకాశం కేసి చూస్తే ముట్టడానికి ఒక్క పిట్ట లేదు. కాకి ముట్టలేదంటే పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిపోయిందని కదా మనవాళ్ళ లెక్క! ఆ లెక్కన ఊరంతా తీరని కోరికలే. పొద్దు వాలితే, పిండాలు పెట్టే పాతరేవు వైపు నడవడానికి మగాళ్ళు కూడా జంకేవారు.

అలాంటి ఊళ్ళో మళ్ళీ కాకుల్ని ఎగరేసింది డాక్టర్ హారిక.

నీలిజ్వరానికి సూదిమందు ఉంది. చిక్కల్లా ఒకటే, గోళ్ళు నీలం తిరగకముందే అది పడాలి. తిరిగాక పడితే మందూ ఒకటే, మంచినీళ్ళూ ఒకటే. ముందు కనపడే గుర్తు వేళ్ళ చివర్ల కాస్త తిమ్మిరి. దాన్ని పట్టించుకునేవాడెవడు? అయితే ఆ తిమ్మిరి రోజుల్లో కూడా రోగి చెమటలో, ఎంగిలిలో, చేత్తో కలిపిన అన్నంలో ఒక సన్నటి వాసన ఉంటుంది. మనిషి ముక్కుకు అందని ఆ వాసన హారిక తయారుచేసిన సెన్సర్‌కి అందుతుంది. ఆ సెన్సర్ని చిన్న డ్రోన్‌లో పెట్టి ఇళ్ళ ముందు చెత్తబుట్టల మీద తిప్పింది. వాసన తగిలితే డ్రోన్ దిగి ఒక్క మెతుకు శాంపిల్ తీసుకుంటుంది. ఆమె ఫోన్‌లో ఎర్ర గుర్తు పడుతుంది. కాసేపట్లో ఆ ఇంటికి మందు వ్యాను వెళ్తుంది.

మొదట్లో అది నిఘా డ్రోన్ అనుకుని జనం రాళ్ళు రువ్వి కూల్చారు. హారికకి ఒళ్ళు మండి దానికి నల్లటి రెక్కలు తొడిగి కాకి రూపం ఇచ్చింది. ఇక ఎవరూ రాయి ఎత్తలేదు. కొందరైతే గుమ్మంలో నిలబడి దాన్ని చూసి కళ్ళు తుడుచుకున్నారు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, హారిక కాకులు మాత్రం ఊరందరికీ ముద్దొచ్చాయి. చావులు సగానికి సగం తగ్గాయి.

ఒకరోజు ఆ కాకుల్లో ఒకటి దారి తప్పి పాతరేవుకు వెళ్ళింది. అక్కడెవరో పెట్టిన పిండం మీద వాలి ముక్కుతో పొడిచింది. రేవు రేవంతా గొల్లుమంది. ఆ ఇంటివాళ్ళు మెట్ల మీద పడి దణ్ణాలు పెట్టారు. మర్నాడే రేవులో కర్మలు చేయించే సోమయాజులుగారు హారిక ల్యాబుకి వచ్చారు.

"రోజూ పొద్దున్నే రెండు కాకుల్ని రేవు కేసి పంపించమ్మా. నీకు పుణ్యముంటుంది."

"అది ఆకలేసి దిగే కాకి కాదండీ. రోగం ఉన్నచోటే దిగుతుంది. పిండం ముట్టిందంటే, కలిపిన చేతికి జ్వరం ఉందని అర్థం."

ఆయన గడ్డం నిమురుకున్నారు. "పోయినవాళ్ళు ఎవరి మీద బెంగ పెట్టుకుంటారో వాళ్ళని చూడ్డానికే వస్తారమ్మా. రోగం వచ్చినవాడి మీద కాకపోతే ఇంకెవరి మీద పెట్టుకుంటారు?"

హారికకి నవ్వూ వచ్చింది, ఎందుకో ఒళ్ళూ జలదరించింది. ఎలా చూసినా రోగులు దొరికితే మంచిదే కదా అని కాకుల్ని పంపింది.

అక్కడే తప్పటడుగు పడింది. కాకి ముట్టినవాళ్ళు సంబరపడుతూ వ్యాను ఎక్కేవారు, మందు వేయించుకుని బతికేవారు. ముట్టనివాళ్ళు గుండెలు బాదుకుంటూ ఇంటికి పోయేవారు. ఒంట్లో రోగం లేనందుకు ఏడ్చే మనుషుల్ని హారిక అప్పుడే చూసింది. కొన్నాళ్ళకి వేళ్ళు తిమ్మిరెక్కిన మనిషి కోసం చుట్టాల్లో వెతుక్కోవడం మొదలైంది. ఒకాయన ఏ దాపరికం లేకుండా ఆమెతోనే అన్నాడు. "మా తమ్ముడికి తిమ్మిర్లు మొదలయ్యాయండీ. పదో రోజు దాకా వాడికి మందు పడకుండా ఆపుతున్నాం. వాడి చేత్తోనే పెట్టిద్దామని."

ఆ తమ్ముడు బతకలేదు. లోకులు కాకులని సరిపెట్టుకుందామంటే, ఆ కాకుల్ని చేసింది తనేనాయె. హారికకి అన్నం సహించలేదు. వచ్చే అమావాస్య నుంచి రేవుకు కాకులు రావని ఊరంతా చాటించింది.

ఈలోగా ఆమె తండ్రి పోయాడు. జ్వరం కాదు, నిద్రలోనే గుండె ఆగింది. గోదావరి మీద లాంచీ నడిపిన మనిషి, పేరు వీరభద్రం. తల్లి కామేశ్వరి ఏడుస్తూ ఏడుస్తూనే ఒక మాట అడిగింది. "పదో రోజు అమావాస్యకి ముందే వస్తుందా హారీ?" వస్తుందని చెప్పింది హారిక. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ఆలోచించే స్థితిలో లేదు.

భర్త పోయిన ఆడదాన్ని ఎదురుపడి చూడకూడదని మనకో దిక్కుమాలిన ఆచారం ఉంది. కామేశ్వరిని వెనక గదిలో కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర విస్తరి పెట్టి వచ్చేసేవారు. అమ్మని అలా దూరం పెట్టడమేంటని హారిక దెబ్బలాడితే, తల్లే లోపల్నుంచి కసిరింది. "పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి. నువ్వు లోపలికి రాకు."

పదో రోజు పొద్దున పాతరేవులో తమ్ముడు అవినాష్ అన్నం వండి, పిండం కలిపి, ఆకులో పెట్టాడు. దీపస్తంభం మీద కూర్చున్న యంత్రకాకి లేచి ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వెళ్ళి స్తంభం మీదే కూర్చుంది.

తమ్ముడికి జ్వరం లేదు. హారిక గుండె తేలికపడింది. ఆ వెంటనే నాన్న రాలేదని కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. రెండోది ఎందుకు జరిగిందో డాక్టర్ హారికకి తెలియదు, సిగ్గు మాత్రం వేసింది.

చుట్టాలు ఒక్కొక్కరే ముందుకొచ్చి చేతులు జోడించారు. "నీ లాంచీని అమ్మం నాన్నా, నేనే చూసుకుంటాను" అన్నాడు అవినాష్. "బావా, ఆ పొలం గట్టు తగాదా వదిలేశాను, ఆ గట్టు నీదే" అన్నాడు మేనమామ, బావ బతికుండగా పాతికేళ్ళు దాన్ని వదలని మనిషి. కాకి కదల్లేదు.

అవినాష్ పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, నీ ఫోన్‌లో నొక్కితే దిగుతుందిగా. అమ్మ మొహం చూడు."

"అది మోసం రా."

"ఎవరికి మోసం? నాన్నకా?"

హారిక ఫోన్ తీసింది. రోగం లేకపోయినా కాకిని దింపే బొత్తాం తెర మీద పచ్చగా ఉంది. వేలు దాని మీదకు వెళ్ళింది గాని నొక్కలేదు.

పై మెట్టు మీద అందరికీ దూరంగా కూర్చున్న కామేశ్వరి అప్పుడు లేచింది. చేతులు రెండూ చెంగులో చుట్టుకుని, ఆ చెంగులోనే చిన్న స్టీలు డబ్బా పట్టుకుని దిగి వచ్చింది. జనం తప్పుకున్నారు. డబ్బాలో పనసపొట్టు కూర. వీరభద్రానికి ప్రాణం. దాన్ని చేత్తో తీసి ఆకు అంచున పెట్టి, ఏదో గొణుక్కుని, మళ్ళీ తన మెట్టు దగ్గరికి వెళ్ళిపోయింది.

కాకి లేచింది. ఈసారి చుట్టు తిరగలేదు. తిన్నగా వచ్చి ఆకు మీద వాలింది. పిండాన్ని వదిలేసి కూరని పొడిచింది.

"ముట్టింది! ముట్టింది!" మేనమామ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. హారిక చేతిలో ఫోన్ మోగింది. తెర మీద ఎర్ర గుర్తు.

"హారీ," పై నుంచి తల్లి పిలిచింది. "నువ్వు నొక్కలేదు కదా?"

హారిక తల అడ్డంగా ఊపింది.

"నోటితో చెప్పవే. ఒట్టు?"

"ఒట్టమ్మా. దానంతట అదే వచ్చింది."

కామేశ్వరి మొహం విప్పారింది. ఈ పది రోజుల్లో ఆ మొహంలో నవ్వు అదే మొదలు. అవినాష్ మెట్లెక్కి తల్లిని పట్టుకోబోయాడు. "అక్కడే ఆగు నాన్నా" అందామె.

హారిక నెమ్మదిగా దగ్గరికి వెళ్ళింది. "తిమ్మిరి ఎప్పుడు మొదలైందమ్మా?"

"ఐదో రోజున." కామేశ్వరి చెంగు విప్పి చేతులు చూపించింది. గోళ్ళు నేరేడుపళ్ళ రంగుకి తిరిగి ఉన్నాయి.

"నేను పక్క గదిలోనే ఉన్నాను కదమ్మా! ఒక్క సూదితో పోయేది. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్తే మందు వేసేసేదానివి. ఇవాళ మీ నాన్న పిండం దగ్గరికి ఏ కాకి వచ్చేది?"

రేవు పైన వ్యాను వచ్చి ఆగిన చప్పుడైంది. హారిక ఆ గోళ్ళ కేసే చూస్తోంది. ఆ మొహం చూసి, ఏదో తప్పు చేసి దొరికిపోయినదానిలా కామేశ్వరి డబ్బా మూత గట్టిగా నొక్కింది.

"కంగారు పడకే. నేను తిన్న విస్తళ్ళన్నీ పెరట్లో కాల్చేశాను. ఈ కూర కూడా ఇంట్లో ఎవరికీ పెట్టలేదు. ఆయనొక్కరికే చేశాను."